వాలు రోడ్డు మీద ఇల్లు: కారు గేటు ఎటు, గ్యారేజీ ఫ్లోర్ ఎంత ఎత్తు

మీరు ఇచ్చిన వివరాలు ఇవీ. విశాఖలో మధురవాడ దగ్గర లేఅవుట్‌లో 40 × 60 అడుగుల స్థలం (266 గజాలు), తూర్పున 30 అడుగుల రోడ్డు. రోడ్డు దక్షిణం నుంచి ఉత్తరానికి దిగుతోంది, మీ నలభై అడుగుల ముఖంలోనే రెండడుగుల తేడా ఉంది. ఉన్న క్రెటాకి షట్టర్ ఉన్న గ్యారేజీ కావాలి, తర్వాత కొనే కారు బయట నిలవాలి. మేస్త్రి ఈశాన్యం వైపు ఒకటే పెద్ద గేటు పెట్టి, పార్కింగ్ ఫ్లోర్‌ని రోడ్డుకి మూడడుగులు లేపమన్నారు. ర్యాంపు చాలకపోతే కొంత రోడ్డు మీదకి దింపుకోవచ్చన్నారు. ఇది సరేనా అని మీ ప్రశ్న.

గేటు విషయంలో కాదు. ఎత్తు విషయంలో ఆయన చెప్పింది సగం సరి. రోడ్లు లేస్తాయి, ఇల్లు ఎత్తులో ఉండాలి. కానీ ఇంటి ఎత్తు వేరు, కారు నిలిచే చోటు ఎత్తు వేరు. రెండింటినీ ఒకే లెవెల్‌లో పెట్టాలనుకోవడంతోనే ఇబ్బంది మొదలవుతుంది. మీ స్థలంలో కారు గేటు ఆగ్నేయం వైపు, అంటే రోడ్డు ఎత్తుగా ఉన్న కొసలో ఉండాలి. లెక్క వేసి చూపిస్తాను.

ముందు లెవెల్స్ తీసుకోండి. పారదర్శకంగా ఉండే లెవెల్ ట్యూబులో బుడగ లేకుండా నీళ్లు నింపి, స్థలం ముందు రోడ్డు అంచు వెంట ప్రతి ఐదడుగులకీ ఒక రీడింగు రాయండి. దేనితో పోల్చి కొలుస్తున్నారో ఆ గుర్తు కదలనిదై ఉండాలి. పక్కింటి ప్లింత్ (నేల పైకి కనిపించే పునాది గోడ) మీద పెయింటుతో గీత గీయండి. రాయి మీదో మట్టి కుప్ప మీదో పెడితే జేసీబీ వచ్చిన రోజే అది పోతుంది. రోడ్డు మధ్య ఎత్తు, కాలువ అడుగు ఎత్తు కూడా రాసుకోండి. ఈ అంకెలు లేకుండా గీసిన ప్లాన్‌లో గదులు మాత్రమే సరిగ్గా ఉంటాయి.

నలభై అడుగులకి రెండడుగులంటే 1:20 వాలు, అంటే ఇరవై అడుగులకి ఒక అడుగు. దక్షిణం సెట్‌బ్యాక్ (హద్దు పక్క కట్టకుండా వదలాల్సిన చోటు) వదిలాక కారు గేటు దక్షిణ స్తంభం ఎక్కడ వస్తుందో అక్కడి రోడ్డు అంచుని సున్నా అనుకుందాం. గేటు వెడల్పు పదడుగులు కాబట్టి ఉత్తర స్తంభం దగ్గర రోడ్డు మైనస్ 6 అంగుళాలు. ఈశాన్యం మూల దాదాపు మైనస్ 21.

ఈ ఆరంగుళాలే చాలామంది చూడనిది. గేటు అడుగు సమంగా ఉండాలి, రోడ్డు మాత్రం వాలుగా ఉంది. గేటుని సరిగ్గా హద్దు మీద పెడితే ఆ తేడాని సర్దడానికి రోడ్డు మీద సిమెంటు దిమ్మ పోయక తప్పదు. కాలువ పూడిక తీయడానికి జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) వాళ్లు వచ్చినప్పుడు మొదట పగిలేది ఆ దిమ్మే, దాని మీద మీకు హక్కు కూడా ఉండదు. కాబట్టి గేటుని హద్దు నుంచి నాలుగడుగులు లోపలికి జరపండి. ఆ నాలుగడుగుల మేర నేల మెలి తిరుగుతూ సమానమవుతుంది.

నేను పెట్టే లెవెల్స్: గేటు గీత ప్లస్ 2 అంగుళాలు, గ్యారేజీ ఫ్లోర్ షట్టర్ దగ్గర ప్లస్ 11, ఇంటి ఫ్లోర్ ప్లస్ 29. అప్పుడు హద్దు నుంచి గేటు వరకు దక్షిణం వైపు నాలుగడుగుల్లో 2 అంగుళాలు (1:24), ఉత్తరం వైపు 8 అంగుళాలు (1:6) ఎక్కాలి. గేటు నుంచి షట్టర్ వరకు 16 అడుగుల్లో 9 అంగుళాలే, అంటే సుమారు 1:21. రెండో కారు నిలిచేది అక్కడే. ఇంకా వాలుగా ఉంటే హ్యాండ్‌బ్రేక్ మీద రాత్రంతా నిలపడం మంచిది కాదు, పైకి చూస్తూ నిలిపిన కారు తలుపు తెరిస్తే వెనక్కి లాగేస్తుంది.

ఇంటి ఫ్లోర్ ఈశాన్యం దగ్గర రోడ్డుకి నాలుగడుగుల పైన ఉంటుంది. మేస్త్రి అడిగిన మూడడుగుల కంటే ఎక్కువే. కారు మాత్రం అంత ఎత్తు ఎక్కనక్కర్లేదు.

ఇప్పుడు ఆయన పద్ధతిలో చూడండి. ఈశాన్యం గేటు, ఫ్లోర్ రోడ్డుకి మూడడుగులు. గేటుకి ముందున్న నాలుగూ లోపలి పదహారూ కలిపి ఇరవై అడుగులూ ర్యాంపుకే ఇచ్చినా 36 అంగుళాలు ఎక్కాలి, అంటే దాదాపు 1:6.7. కారు ఎక్కుతుంది. కానీ రెండో కారుకి చదును చోటు లేదు. పైగా రోడ్డు మీద నుంచి వచ్చే నీళ్లన్నీ పల్లంలో ఉన్న ఆ గేటు ముందే చేరతాయి. వాలు రోడ్డు మీద ఎత్తు కొసలో నీళ్లు నిలవవు, పారిపోతాయి. అందుకే ఆగ్నేయంలో 11 అంగుళాలు సరిపోతాయి, ఈశాన్యంలో మూడడుగులు కూడా భయమే.

వాస్తు సంగతి. కారుకి ఆగ్నేయం మంచిదే అంటారు, తూర్పు ఆగ్నేయంలో గేటుకి మాత్రం కొందరు ఒప్పుకోరు. మామూలుగా చేసే సర్దుబాటు ఏమిటంటే, మనుషులు నడిచే సింహద్వారం గేటు తూర్పు ఈశాన్యంలో, కారు గేటు విడిగా ఆగ్నేయంలో. దక్షిణం ఎత్తు, ఉత్తరం పల్లం ఉన్న మీ స్థలానికి ఇది ఎలాగూ కలిసొస్తుంది. మీ సిద్ధాంతిగారిని అడగాలనుకుంటే పునాదికి ముందే అడగండి. స్తంభాలు లేచాక గేటు మార్చమంటే ఈ లెక్కలన్నీ మళ్లీ మొదటికొస్తాయి. ఇంకో మాట. ఈశాన్యం గేటు నుంచి గడప వరకు ఎనిమిది తొమ్మిది మెట్లు వస్తాయి. ఇంట్లో పెద్దవాళ్లుంటే డ్రైవ్‌వే పక్క నుంచే మూడడుగుల నడకదారి ఇచ్చి, ఇంటికి మూడు మెట్లు పెట్టండి. వాళ్లు రోజూ వాడేది అదే.

ఎంత వాలు తట్టుకుంటుందన్నదానికి సులువైన లెక్క ఉంది. వాలు ముగిసి చదును మొదలయ్యే చోట కారు ముందు చక్రాలు పైన, వెనక చక్రాలు కింద ఉంటాయి, మధ్యలో నేల కారు అడుగు వైపు పొడుచుకొస్తుంది. ఎంత పొడుచుకొస్తుందంటే, వీల్‌బేస్‌ని (ముందు, వెనక చక్రాల మధ్య దూరాన్ని) వాలుతో గుణించి నాలుగుతో భాగిస్తే వచ్చేంత. క్రెటా వీల్‌బేస్ 2.61 మీటర్లు. 1:8 వాలుకి 8 సెంటీమీటర్లు, 1:6కి 11, 1:5కి 13, 1:4కి 16. మామూలు సెడాన్‌కి ఖాళీగా ఉన్నప్పుడు 16, 17 సెంటీమీటర్ల గ్రౌండ్ క్లియరెన్సు ఉంటుంది. ఐదుగురు ఎక్కి డిక్కీలో సామాను పెడితే నాలుగైదు సెంటీమీటర్లు దిగిపోతుంది. మిగిలేది 12. అంటే 1:6 దగ్గరే రాసుకునే పరిస్థితి, 1:5 దగ్గర తగలక తప్పదు. మీది క్రెటా కాబట్టి ఇప్పుడు తగలకపోవచ్చు, రెండో కారుగా డిజైర్ కొంటే తగులుతుంది. అందుకే పొడవు ర్యాంపుకి 1:8 దాటొద్దంటాను. 1:6 అనేది పైన చెప్పినట్టు నాలుగడుగుల ముక్కకి, అదీ ఒక అంచున మాత్రమే.

ఎవరికైనా తప్పనిసరిగా 1:6 పెట్టాల్సి వస్తే, కింద నాలుగడుగులు, పైన నాలుగడుగులు సగం వాలుతో (1:12) కలపాలి. పైన కలపకపోతే అడుగు తగులుతుంది, కింద కలపకపోతే ముందు బంపరు తగులుతుంది. ముందు చక్రం నుంచి బంపరు కొస దాదాపు 85 సెంటీమీటర్లు ముందుకుంటుంది. రోడ్డు అంచు కాలువ వైపు వాలి ఉంటే ఆ వాలు కూడా ఇందులో కలుస్తుంది.

హద్దుకీ గేటుకీ మధ్య ఆ నాలుగడుగులకి కాంక్రీటు వద్దు, పేవర్ బ్లాకులు వేయండి. రేపు రోడ్డు నాలుగైదు అంగుళాలు లేస్తే బ్లాకులు ఎత్తి, కింద గ్రావెల్ పోసి, కొత్త వాలుకి అవే మళ్లీ పరుచుకోవచ్చు. కార్లకి 60 మి.మీ. చాలు, కానీ ఇది రోడ్డు అంచు, బరువు బండి చక్రం ఎక్కొచ్చు, 80 మి.మీ. తీసుకోండి. రెండు వైపులా కాంక్రీటు అంచు కట్ట ఉండాలి. అంచు లేని పేవర్లు వాలు మీద నెలనెలా కిందికి జారి సందులు ఇస్తాయి. కాలువ మీద అయితే ఒకటే పలక పోయకండి. రెండడుగుల వెడల్పు ముక్కలుగా, ఎత్తడానికి కొక్కేలతో, 6 అంగుళాల మందం ఆర్‌సీసీ పలకలు పోయించండి. పూడిక తీసేవాళ్లు ఎత్తి మళ్లీ పెట్టేస్తారు.

గేటు స్లైడింగే ఉండాలి. షట్టర్‌కీ గేటుకీ మధ్య 16 అడుగులు, అందులో క్రెటా నిలిస్తే 14 అడుగుల పైన పోతుంది. ఐదడుగుల రెక్కలు లోపలికి తెరుచుకునే చోటు లేదు. చోటున్నా, లోపల నేల లేస్తుంటే రెక్క అడుగు నేలకి రాసుకుంటుంది. ఇక్కడ 1:21 కాబట్టి మూడంగుళాల సందు ఇస్తే పోయేది, 1:8 ర్యాంపు మీద ఏడున్నర అంగుళాల సందు ఇవ్వాలి, కుక్కలు దూరతాయి. రోడ్డు మీదకి తెరుచుకునే గేటు అసలు వద్దు. స్లైడింగ్ గేటుకి ఉత్తరం వైపు 11 అడుగుల నిడివి ఖాళీగా వదలండి, అక్కడ మొక్కలూ కుళాయీ పెట్టకండి. గేటు జరిగే ఇనుప పట్టా ఖచ్చితంగా సమంగా ఉండాలి, అర అంగుళం తేడా ఉన్నా గేటు తనంత తానే జరుగుతుంది.

కాంపౌండ్ గోడ మూలల్ని గేటు వైపు రెండేసి అడుగులు ఏటవాలుగా కోయండి. 30 అడుగుల రోడ్డు కాగితం మీదే, ఎదురింటి కారు నిలిస్తే వాడుకోవడానికి ఇరవై మిగులుతుంది. ఈ తరహా కార్ల టర్నింగ్ రేడియస్ 5.3 మీటర్లు, పదిహేడున్నర అడుగులు. మూలలు కోయకపోతే రెండుసార్లు వెనక్కి తీసుకుని తిప్పాలి.

పునాది తవ్వే ముందు ఒక పని తప్పకుండా చేయండి. నేల మీద సున్నంతో గేటు స్తంభాలు, షట్టర్, గ్యారేజీ గోడలు గీసి, స్తంభాల చోట ఇటుకలు నిలబెట్టి, మీ కారు నడిపి చూడండి. రోడ్డుకి అటు పక్క ఒక కారు పెట్టించి మరీ తిప్పండి. రివర్స్‌లో కూడా బయటికి రండి. అరగంట పని, తర్వాత ఎవరూ సరిచేయలేని తప్పు ఇక్కడే బయటపడుతుంది.

గ్యారేజీ లోపల 12 × 20 అడుగులు ఉంచండి. 11 × 19 కంటే తగ్గితే తలుపు తెరిచి దిగడమే కష్టం. క్రెటా వెడల్పు 1.79 మీటర్లు, అద్దాలతో రెండు మీటర్లు. డ్రైవరు వైపు రెండున్నర నుంచి మూడడుగులు కావాలి. ప్లాన్ చదివేటప్పుడు జాగ్రత్త: అందులో 12 అడుగులని రాసేది సాధారణంగా పిల్లర్ సెంటర్ నుంచి సెంటర్‌కి. తొమ్మిదంగుళాల పిల్లరు, రెండు వైపులా ప్లాస్టరింగు పోతే మిగిలేది 11 అడుగులు. మీకు కావలసింది క్లియర్ వెడల్పు అని ఇంజినీరుకి మాటతో కాదు, ప్లాన్ మీద రాయించి చెప్పండి.

షట్టర్ ఎత్తులో కూడా ఇదే జరుగుతుంది. శ్లాబు పదడుగులు, ముందు బీము ఒకటిన్నర అడుగు కిందికి, దాని కింద షట్టర్ చుట్ట పెట్టె మరో 14, 15 అంగుళాలు. మిగిలేది ఏడడుగుల పైన కొంచెం. పైన క్యారియర్‌తో సామాను కట్టిన కారు దూరదు. పెట్టెని బీము కింద కాకుండా బీము వెనక లోపలి వైపు బిగించమనండి, అప్పుడు ఎనిమిదడుగులు క్లియర్‌గా వస్తుంది. వెడల్పు తొమ్మిదడుగులకి తగ్గొద్దు.

ఇంట్లోకి వెళ్లే తలుపు దగ్గర 18 అంగుళాల తేడా, అంటే మూడు మెట్లు. అవి గ్యారేజీలోకి దిగితే కారు పొడవులో రెండడుగులు తింటాయి. ఇంటి వైపు నడవలోనే వచ్చేలా పెట్టండి. వెనక గోడకి మూడున్నర అడుగుల ముందు నాలుగంగుళాల ఎత్తు వీల్ స్టాపర్ పెడితే బంపరు గోడకి తగలదు. ఇంటి తలుపు తనంత తానే మూసుకునేదై ఉంటే పొగ లోపలికి రాదు.

గాలి గురించి ఇంకాస్త చెప్పాలి. మన దగ్గర గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉన్నాయి. వానలో తడిసొచ్చిన కారుని నాలుగు వైపులా మూసిన గదిలో పెడితే బయట చెట్టు కింద ఉన్నదానికంటే తొందరగా తుప్పు పడుతుంది. నేల నుంచి అడుగు ఎత్తులో ఒక గోడకి, శ్లాబు కింద ఎదుటి గోడకి సిమెంటు జాలీలు పెట్టండి, ఒక్కోటి కనీసం 2 × 1 అడుగులు. కింది నుంచి గాలి లోపలికి వచ్చి, పై నుంచి వేడీ తేమా పోతాయి. షట్టర్ పలకలు కూడా చిల్లులున్నవి రెండు మూడు వరుసలు వేయించవచ్చు.

షట్టర్ ఇనుము అయితే మామూలు పెయింటు నిలవదు. గాల్వనైజ్డ్ రేకు మీద పౌడర్ కోటింగు, లేదంటే అల్యూమినియం. మొదట చెడేది రేకు కాదు, పై చుట్టలో ఉన్న స్ప్రింగులు, పక్క గైడులు. ఆరు నెలలకోసారి గ్రీజు పెట్టండి, గైడు అడుగున నీళ్లు పోయే కంత ఉంచండి. గేటు పైపులకి హాట్ డిప్ గాల్వనైజింగ్ (కరిగిన జింకులో ముంచి పూత పట్టించడం) చేయిస్తే అదనపు ఖర్చుకి ఫలితం ఉంటుంది. అయితే వెల్డింగులన్నీ అయ్యాకే ముంచాలి. ముంచిన తర్వాత వెల్డింగు చేస్తే ఆ అతుకు దగ్గరే తుప్పు మొదలవుతుంది.

తుపాను లెక్క విశాఖలో తప్పించుకోలేం. కట్టడాల మీద పడే భారాలకి భారత ప్రమాణమైన ఐఎస్ 875 ప్రకారం ఇక్కడ బేసిక్ గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తీరం దాటినప్పుడు గాలి గంటకి 180 కిలోమీటర్ల దాకా వీచింది, అదీ దాదాపు ఈ 50 మీటర్ల వేగమే. అంత గాలి చదరపు మీటరుకి సుమారు 150 కిలోల ఒత్తిడి తెస్తుంది. 9 × 8 షట్టర్ మీద ఒక టన్ను. విండ్ లాక్ ఉన్న పలకలు, లోతైన గైడులు అడగండి, లేకపోతే షట్టర్ మధ్యలో ఉబ్బి గైడులోంచి బయటికొచ్చేస్తుంది. రెండో కారు మీద రేకు కప్పు వేయాలనుకుంటే ఇంకా జాగ్రత్త. 10 × 16 అడుగుల కప్పుని గాలి కింది నుంచి లేపితే రెండు టన్నుల పైనే బలం, కప్పు బరువు చూస్తే మూడు వందల కిలోలు కూడా ఉండదు. నాలుగు స్తంభాలకీ రెండడుగులు × రెండడుగులు × మూడడుగుల లోతు కాంక్రీటు దిమ్మలు పోస్తే ఒక్కోటి 800 కిలోలు, అప్పుడు నిలుస్తుంది. నాలుగు బోల్టులతో ఫ్లోర్ మీద బిగించిన షెడ్డు నిలవదు. ఈ కప్పు కూడా ప్లాన్‌లో చూపించి ఆమోదం తీసుకోవాలి, సెట్‌బ్యాక్‌లోకి వెళితే డీవియేషన్ (ప్లాన్ అతిక్రమణ) అవుతుంది.

ఇక నేల. మధురవాడ, కొమ్మాది వైపు చాలా లేఅవుట్లు కొండవాలుని కోసి, ఆ మట్టితోనే పల్లం నింపి చదును చేసినవి. ఒకే స్థలంలో సగం గట్టి నేల, సగం పోసిన మట్టి ఉండొచ్చు. మీదీ అలాంటిదేమో గోతులు తీసినప్పుడే తెలుస్తుంది: చెత్త, వేర్లు, వేర్వేరు రంగుల మట్టి కలిసి కనిపిస్తే అది పోసిందే. గ్యారేజీ ఫ్లోర్ పగలడానికి నూటికి తొంభై సార్లు కారణం కాంక్రీటు కాదు, కింద నింపిన మట్టి. రెండు మూడడుగుల ఎత్తు టిప్పరుతో ఒకేసారి దింపి, పైన నీళ్లు పెట్టి, కూర్చుందంటారు. పై అడుగే కూర్చుంటుంది, కింద గుల్లగానే ఉంటుంది. మొదటి రెండు వర్షాకాలాల్లో దిగి, ఫ్లోర్ కింద ఖాళీ ఏర్పడి, చక్రం పడిన చోట పగులుతుంది. ఎర్ర గ్రావెల్ ఆరంగుళాల మందం పొరలుగా పోసి, పిడికిట్లో నొక్కితే ముద్దయ్యేంత తడి ఇచ్చి, పొరపొరకీ ప్లేట్ కాంపాక్టర్‌తో కనీసం నాలుగుసార్లు తిప్పించండి. గోడల పక్క, పిల్లర్ల చుట్టూ యంత్రం వెళ్లదు, అక్కడ చేతి దిమ్మిసతో కొట్టించాలి. 12 మి.మీ. రాడ్డు చేతి బలంతో గుచ్చితే రెండు మూడంగుళాలకి మించి దిగకూడదు.

డ్రైవ్‌వేకి నా సలహా: ఇనుము లేని కాంక్రీటు, 6 అంగుళాల మందం. చాలామంది 4 అంగుళాలు పోసి మధ్యలో 8 మి.మీ. మెష్ వేస్తారు. కూలీలు తొక్కుతుంటే మెష్ అడుగుకి దిగిపోతుంది, బలానికీ పనికిరాదు. ఉప్పుగాలి ఉన్న తీరంలో అదే తర్వాత తుప్పుపట్టి ఉబ్బి పెచ్చులు లేపుతుంది. తీరప్రాంతంలో బయట ఉండే ఆర్‌సీసీకి (ఇనుమున్న కాంక్రీటుకి) ఐఎస్ 456 అనే కాంక్రీటు ప్రమాణం ఎం30 బలం కాంక్రీటు, ఇనుము మీద 45 మి.మీ. కవరు అడుగుతుంది. ఇనుము లేని కాంక్రీటుకి ఎం20 చాలు. గట్టిపరిచిన గ్రావెల్ మీద మందంగా, జాయింట్లతో పోసిన కాంక్రీటులో తుప్పు పట్టేది ఏమీ లేదు.

16 × 11 అడుగుల డ్రైవ్‌వేకి లెక్క: 88 ఘనపుటడుగులు, రెండున్నర ఘనపు మీటర్లు. 1:1½:3 పాళ్లలో సిమెంటు 20 బస్తాలు, ఇసుక 38 ఘనపుటడుగులు, మెటల్ (కంకర) 75 ఘనపుటడుగులు (మూడింట రెండొంతులు 20 మి.మీ., మిగతాది 12 మి.మీ.). వృథాకి ఒక బస్తా అదనంగా. కింద 6 అంగుళాల గ్రావెల్ పొరకి వదులు గ్రావెల్ 120 ఘనపుటడుగులు తెప్పించాలి. బస్తాకి నీళ్లు 25 లీటర్లు, ఇసుక తడిగా ఉంటే ఇంకా తక్కువ. మేస్త్రులు పని సులువవుతుందని బకెట్లతో పోసేస్తారు. అప్పుడు పైకి తేలిన సిమెంటు పాలు ఆరాక దుమ్ములా రాలుతుంది. మిల్లర్ (కాంక్రీటు కలిపే యంత్రం) దగ్గర లీటర్లు గుర్తుపెట్టిన బకెట్ ఒకటి ఉంచి, పోసే పూట మీరే నిలబడండి.

ఇసుక మనకి శ్రీకాకుళం వైపు నుంచో గోదావరి నుంచో రావాలి, అందుకే ఖరీదు. చవకగా దొరికిందని సముద్రపు ఒడ్డు ఇసుక కలిపింది తీసుకోకండి. నాలుక మీద పెడితే ఉప్పు తెలుస్తుంది. బోరు నీళ్లు ఉప్పగా ఉంటే కలపడానికీ తడపడానికీ కూడా వాడొద్దు.

ఎనిమిదడుగుల దగ్గర అడ్డంగా ఒక జాయింట్ కోసి, 16 అడుగుల్ని రెండు పలకలు చేయండి. పోసిన మర్నాటికల్లా కట్టర్‌తో రెండంగుళాల లోతు కోయాలి. ఆలస్యమైతే కాంక్రీటు తనకి నచ్చిన చోట పగులుతుంది. ఇంటి గోడకీ డ్రైవ్‌వేకీ మధ్య అర అంగుళం థర్మోకోల్ పెట్టండి, రెండూ కలిపి పోస్తే గోడ కదలదు, నేల కదులుతుంది, పగులు ప్లింత్ వెంట సాగుతుంది. పైన చీపురుతో అడ్డ గీతలు. నున్నటి గ్రానైటు, విట్రిఫైడ్ టైల్సు వాలు మీద వద్దు, తడిస్తే కారే కాదు, మనుషులూ జారతారు. గ్యారేజీ లోపల పార్కింగ్ టైల్సు వేసుకోవచ్చు, కానీ కింద మాలు ఖాళీ లేకుండా నిండాలి. తట్టి చూస్తే గుల్ల శబ్దం వచ్చిన టైలు చక్రం కింద పగులుతుంది. కాంక్రీటు మీద మామూలుగా కట్టలు కట్టి పది రోజులు నీళ్లు నిలుపుతారు. వాలు మీద నీళ్లు నిలవవు కాబట్టి గోనెపట్టాలు పరిచి తడుపుతూ ఉండాలి. కారు ఎక్కించడానికి కనీసం రెండు వారాలు ఆగండి.

నీళ్లు రెండు చోట్ల పట్టుకోవాలి. గేటు గీతకి లోపల ఒక జాలీ కాలువ, ఆరంగుళాల వెడల్పు, ఆరంగుళాల లోతు. డ్రైవ్‌వే నీళ్లు రోడ్డు మీదకి పోకుండా ఇందులో పడతాయి. రోడ్డు మీద దక్షిణం నుంచి వేగంగా వచ్చే వాన నీళ్లని ఆపేది గేటు గీత దగ్గర మనం పెట్టిన రెండంగుళాల ఎత్తు. షట్టర్ ముందు ఇంకో జాలీ కాలువ, గ్యారేజీలోకి కొట్టుకొచ్చే వాన కోసం. ఫ్లోర్‌కి షట్టర్ వైపు 1:100 వాలు ఉండాలి, వెనక గోడ దగ్గర రెండున్నర అంగుళాలు ఎత్తుగా. నాలుగంగుళాల పీవీసీ పైపుతో రెండూ కలిపి ఉత్తరం వైపు ఇంకుడు గుంతకి ఇవ్వండి. 4 × 4 × 6 అడుగుల గుంతని రాయీ మెటలూ నింపితే లోపల ఒక ఘనపు మీటరు నీళ్లు పడతాయి. మీ డ్రైవ్‌వే మీద 50 మి.మీ. వాన పడితే దాదాపు అంతే వస్తుంది. మేడ మీది నీళ్లు ఈ పైపులోకి కలపకండి. గుంతలో గట్టి రాయి తగిలితే నీళ్లు ఇంకవు, అప్పుడు పొంగిన నీళ్లు రోడ్డు కాలువలోకి వెళ్లే దారి ఉండాలి. గుంత ఇంటి పునాదికి పదడుగుల దూరంలో ఉండాలి. తాగే నీళ్ల సంపుకి వీలైనంత దూరంగా, దానికంటే పల్లంలో పెట్టండి.

సంపుని డ్రైవ్‌వే కింద పెట్టొద్దు. ఎవరైనా చోటు కలిసొస్తుందని చెబుతారు. ఆయిలు చుక్క, కారు కడిగిన నీళ్లు మూత సందులోంచి దిగుతాయి, మామూలు మూత చక్రం కింద విరుగుతుంది. ఎక్కడో ఒకచోట కారు ఎక్కక తప్పదంటే, 10 టన్నుల తరగతి మూత, దానికి తగ్గట్టు డిజైన్ చేసిన శ్లాబు కావాలి. వేసవిలో ఆ వైపు ట్యాంకర్లు తప్పవు. 5000 లీటర్ల ట్యాంకరు నీళ్లతో సహా తొమ్మిది పది టన్నులుంటుంది, అది మీ డ్రైవ్‌వే ఎక్కకూడదు. కాంపౌండ్ గోడలోంచి సంపుకి రెండంగుళాల పైపు వేసి, బయట మూత బిగిస్తే ట్యాంకరు రోడ్డు మీద నుంచే నింపి వెళ్తుంది.

కరెంటు పైపులు కాంక్రీటుకి ముందే వేయాలి. గేటు మోటారుకి, గేటు దీపానికి, కెమెరాకి కలిపి రెండు 25 మి.మీ. పైపులు డ్రైవ్‌వే కింద అడ్డంగా. గ్యారేజీలో కారు ఛార్జరుకి మీటరు బోర్డు నుంచి విడిగా 32 మి.మీ. పైపు. ఎలక్ట్రిక్ కారు ఇప్పుడు లేకపోయినా పైపు మాత్రం వేసేయండి. 7.4 కిలోవాట్ల ఛార్జరు 32 ఆంపియర్లు లాగుతుంది, దానికి 6 చదరపు మి.మీ. రాగి తీగ, విడి ఆర్‌సీబీఓ (షాక్, ఓవర్‌లోడ్ రెండిటికీ ఆపే బ్రేకరు), మంచి ఎర్తింగు కావాలి, కరెంటు సంస్థ ఈపీడీసీఎల్ దగ్గర కాంట్రాక్టెడ్ లోడు కూడా పెంచుకోవాలి. ఛార్జరు బాక్సు నేల నుంచి నాలుగడుగుల ఎత్తులో, వాన కొట్టని గోడకి పెట్టండి.

పని వరుసలో డ్రైవ్‌వే కాంక్రీటు ఆఖరున రావాలి. ఇటుకల లారీలు, ఇనుము బండ్లు ఇంటి పని అయ్యేవరకు దాని మీద నుంచే వెళ్తాయి. అప్పటిదాకా గ్రావెల్ పొర మాత్రమే ఉంచితే ఆ బండ్లే దాన్ని ఇంకా గట్టిపరుస్తాయి, పడిన గుంతలు నింపి మళ్లీ కాంపాక్ట్ చేసి పైన పోసుకోవచ్చు. పోసేది డిసెంబరు, జనవరిలో పడితే మంచిది. అక్టోబరు, నవంబరులో తుపాను హెచ్చరిక ఉన్న వారం పోయకండి. మే నెలలో అయితే తెల్లవారుజామున మొదలుపెట్టి తొమ్మిదిలోపు ముగించండి, ఎండా సముద్రపు గాలీ కలిసి పైపొరని గంటలో ఆరబెట్టేస్తాయి.

లెవెల్ ట్యూబుతో తీసిన రీడింగులు, ఇంజినీరు గీసిన పిల్లర్ ప్లాను రెండూ పెడితే ఈ అంకెల్ని మీ స్థలానికి సరిగ్గా సరిచూసి చెబుతాను. ముఖ్యంగా గేటు రెండు స్తంభాల దగ్గరి రోడ్డు రీడింగులు, కాలువ వెడల్పు కావాలి.